ఓవెన్ మీద ఆరు గీతలు

2023 ఆగస్టు చివరి వారం. నంద్యాల పద్మావతినగర్‌లో నా రిపేరు షాపు పెట్టి అప్పటికి ఇరవై ఆరేళ్లు. మిక్సీలు, గ్రైండర్లు, గీజర్లు, ఇస్త్రీపెట్టెలు రోజూ వస్తాయి. రొట్టెలు, కేకులు కాల్చే కరెంటు ఓవెన్లు మాత్రం తక్కువ. అవి కూడా క్రిస్మస్ ముందు వస్తాయి. అందుకే ఆగస్టులో ఓవెన్ బాగుచేయాలని ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వస్తే కొంచెం వింతగా అనిపించింది.

నేను హేతువాదిని. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ అనుభవంలో ఓవెన్‌తో పాటు నా హేతువాదం కూడా రిపేరుకు వచ్చింది. వయసులో ఉన్నప్పుడు వేదికలెక్కి బాబాలతో వాదించినవాణ్ణి. గాలిలోంచి విభూతి తీసేవాళ్ల చొక్కా చేతులు జనం ముందు మడిచి చూపించినవాణ్ణి. "కారణం లేకుండా ఏదీ జరగదు" అన్న వాక్యాన్ని ఎన్ని సభల్లో అరిచానో లెక్కలేదు. రిపేరు పని కూడా ఆ వాక్యం మీదే నడుస్తుంది. యంత్రం ఆగిందంటే దానికి కారణం ఉంటుంది. వెతికితే దొరుకుతుంది.

ఫోన్ చేసినామె పేరు రూతమ్మ. ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి రిటైరైంది. శిల్పుల కొట్ల వెనక సందులో ఇల్లు. నేను బండి ఆపేసరికి పక్కన ఉలి దెబ్బలు టకటకమని మోగుతున్నాయి, ఎవరో ఏదో దేవుడి ముక్కు చెక్కుతున్నారు. వంటింట్లో గట్టు మీద ఓవెన్ ఉంది, పెద్దదే, చిన్న ట్రంకుపెట్టె అంత. పదిహేనేళ్ల కిందట కొన్నదట.

"ఏం చేస్తాందక్కా ఇది?" అని అడిగాను.

"పైన కాలుతాంది, కింద పచ్చిగుంటాంది. రెండు నెలల నుంచి ఇదే తంతప్పా."

"దేనికి వాడతాండారు?"

ఆమె "బల్ల రొట్టెకు" అంది.

వాళ్ల చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల అని ఒక ఆరాధన ఉంటుంది. పాస్టరు ఒక రొట్టె విరిచి అందరికీ తలా ఒక ముక్క పంచుతాడు. ఆ రొట్టె పద్నాలుగేళ్లుగా ఈమె ఇంటి నుంచే పోతోంది. పిండి కలపడం, పులియబెట్టడం రూతమ్మ పని. ఓవెన్ వేడి చేయడం, రొట్టె లోపల పెట్టడం, తీయడం ఆమె భర్త యోహాను పని. ఆయన బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. "పిండి నీది, మంట నాది" అనేవాడట. కిందటి డిసెంబరులో గుండె ఆగి పోయాడు. కొన్ని నెలలు బల్లకు ఇంకెవరో బేకరీ నుంచి తెచ్చారు. జూన్‌లో మళ్లీ తన వంతు తను అందుకుంది. జూన్ రొట్టె చెడింది. జులై రొట్టె చెడింది. ఆగస్టులో సాహసించలేక ఊరుకుంది.

ఇదంతా నాకు చెప్పింది రూతమ్మ కాదు, యోహాను అక్క సారమ్మ. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం ఇరవైది. నేను ఓవెన్ వెనక స్క్రూలు విప్పుతుంటే గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతూ మొదలుపెట్టింది.

"ఏందప్పా, ఆ పెట్టెలో ఏం ఎతుకుతాండావ్? లోపం పెట్టెలో లేదు."

"మరి యాడుందమ్మా?"

"మొగుడు పోయిన చెయ్యి. అది బల్ల రొట్టెకు పనికొస్తాదా? నేననేది కాదు, ఊర్లో అంటాండారు."

రూతమ్మ స్టవ్ వైపు తిరిగి టీ కాస్తోంది. వెనక్కి తిరగలేదు. టీ పొంగి మంట మీద పడింది. మంట తగ్గించడానికి చెయ్యి చాపలేదు.

నాకు ఒళ్లు మండింది. అప్పటికే కింది హీటింగ్ ఎలిమెంట్ నా చేతిలో ఉంది. కరెంటు పారితే ఎర్రగా కాగే రాడ్డు అది. నడుమ ఉబ్బి, పొక్కు లేచి, ఒకచోట తెగి ఉంది. కరెంటు మీటరు పెడితే ముల్లు కదల్లేదు. దాన్ని సారమ్మ ముందుకు చాచి మొదలుపెట్టాను.

"చూడమ్మా, తప్పు ఇదీ! మీ తమ్ముడు గుండెజబ్బుతో పోయినాడు. ఈ రాడ్డు తుప్పుతో పోయింది. రెంటికీ ఈమె చేతికీ ఏం సంబంధం? మొగుడున్నన్నాళ్లూ మంచిదైన చెయ్యి, పోయిన మర్నాడు ఎట్ల చెడ్డదైతుంది? పెండ్లాం పోయిన మగోళ్లు మీ ఊర్లో ఇత్తనం ఎయ్యడంల్యా? వాళ్ల చెయ్యి ఎవరన్నా పట్టి చూసినారా?"

పావుగంట మాట్లాడాను. సభ చిన్నదైనా ఉపన్యాసం పెద్దదే. సారమ్మ కాయలు గిల్లడం ఆపలేదు. అంతా విని ఒక్క ప్రశ్న వేసింది.

"అయితే ఈ రాడ్డు మారిస్తే రొట్టె బాగొస్తాదంటావ్?"

"వస్తాది."

"మళ్లా చెడితే?"

"చెడదు."

"చెడితే మాత్రం తప్పు పెట్టెది కాదు కదా?"

"కాదు. నేను హామీ ఇస్తాండా."

ముప్పై ఏళ్లు వాదాల్లో నలిగినవాణ్ణి. ఆ ముసలామె నన్ను ఎక్కడికి తోలుకుపోతోందో నాకు తెలియలేదు.

కొత్త రాడ్డు బిగించాను. ఓవెన్ పెట్టి చూశాను. రెండు రాడ్లూ ఎర్రబడ్డాయి. కాసేపటికి "టక్" అని చప్పుడొచ్చి ఎర్రలైటు ఆరింది. ఆ చప్పుడు థర్మోస్టాట్‌ది. మనం పెట్టిన అంకె దగ్గరికి వేడి చేరగానే కరెంటు ఆపే చిన్న పరికరం అది. చప్పుడు వచ్చింది కాబట్టి అది కూడా బాగుందనుకున్నాను. ఎంత వేడి దగ్గర వచ్చిందో కొలవలేదు. వేడి కొలిచే మీటరు షాపులోనే ఉండిపోయింది. అది లేకపోవడం నాకు లోటుగా కూడా అనిపించలేదు. తెగిన రాడ్డు దొరికింది, వాదం గెలిచాను, ఇంకేం కావాలి?

పోతూ పోతూ రూతమ్మతో, "నూట ఎనభై మీద పెట్టుకోక్కా. ఇంక రొట్టె చెడితే నన్నడుగు" అన్నాను. ఆమె నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి చూడటం.

సెప్టెంబరు మొదటి ఆదివారం గడిచింది. బుధవారం ఫోన్ వచ్చింది.

"అప్పా, నేను రూతమ్మను. ఆ ఓవెన్ వచ్చి తీస్కపో. ఎవురికన్నా ఇచ్చెయ్."

"ఏమైందక్కా?"

"ఏం కాలేదప్పా. నీ పని నువ్వు బాగనే చేసినావు. పెట్టె బాగనే ఉంది."

"రొట్టె?"

ఫోన్లోంచి ఉలి దెబ్బలు వినిపించాయి.

"నడుమంతా జిగట. పాస్టరయ్య విరిస్తే చేతి ఏళ్లకు అంటుకున్నె. ఆయన ఏమీ అన్లేదు, అంచులు తుంచి అందరికీ ఇచ్చినాడు. ఆయనేమన్నా అనింటే బాగుండు." తర్వాత నెమ్మదిగా, "నువ్వే అంటివి కదా, ఇంక చెడితే పెట్టె తప్పు కాదని. మా వొదిన గూడ అదే అంటాంది. నాకు గూడ అట్లే అనిపిస్తాందప్పా. ఆ దేవునికి నా చెయ్యి వద్దేమో" అంది.

ఫోన్ పెట్టేశాక షాపులో స్టూలు మీద కూర్చుండిపోయాను. నా బతుకులో ఏ బాబా చేయలేని పని నేను చేశాను. అంతకుముందు ఆ మూఢనమ్మకానికి రుజువు లేదు. ఓవెన్ మీద అనుమానమనే చిన్న ఆసరా ఆమెకు ఉండేది. దాన్ని నేనే లాగేశాను. యంత్రం బాగుందని హామీ ఇచ్చినవాణ్ణి నేను. ఇంక మిగిలింది ఆమె చెయ్యి ఒక్కటే.

మర్నాడు పొద్దున్నే వేడి కొలిచే మీటరు, తీగ, పనిముట్లు అన్నీ సంచిలో వేసుకుని బయలుదేరాను. దారిలో శిరివెళ్ల దాటేదాకా నాతో నేనే వాదించుకున్నాను. తర్వాత వాదించడానికి ఏమీ మిగల్లేదు.

రూతమ్మ ఓవెన్ తుడిచి, తీగ చుట్టి, పాత దుప్పటి కప్పి సిద్ధంగా పెట్టింది. చనిపోయిన మనిషిని కప్పినట్టే ఉంది. "ఆటో మాట్లాడినావాప్పా?" అంది.

"లేదక్కా. తీస్కపోను రాలేదు. ఆ పొద్దు నేను ఒక తప్పు చేసినా. దాన్ని చూడను వచ్చినా."

మీటరు తీగ కొస ఓవెన్ నడుమకు వచ్చేట్టు పెట్టి, తలుపు మూసి, నూట ఎనభై మీద వదిలాను. "టక్" అని చప్పుడొచ్చింది. లైటు ఆరింది. మీటరు చూశాను. నూట ఇరవై ఆరు. మళ్లీ వెలిగి మళ్లీ ఆరేదాకా ఆగి చూశాను. నూట ఇరవై తొమ్మిది. ఆ వేడిలో రొట్టె కాలదు, ఎండుతుంది.

"అక్కా, ఇటు రా. ఈడ నూట ఎనభై అని రాసుంది. లోపల నూటా ముప్పై గూడ లేదు. రొట్టె తీసేటప్పుడు రంగు తక్కువుందని నీకు అనిపించలేదా?"

"అనిపించింది."

"మరి ఇంకాసేపు ఎందుకు పెట్టలేదు?"

"నువ్వు బాగైందని చెప్తివి కదప్పా. నా కండ్లదే తప్పేమో అనుకుంటి."

ముప్పై ఏళ్లు జనానికి నేను చెప్పింది ఒక్కటే: ఎవరో చెప్పారని నమ్మొద్దు, మీ కళ్లతో చూడండి అని. ఈమె కళ్లతో చూసింది. నేను చెప్పానని ఆ కళ్లను పక్కన పెట్టింది. నేను తల వంచుకుని తిప్పుడు గుబ్బను ఊడదీశాను. అంకెలు రాసిన రేకు మీద జిడ్డు పేరుకుని ఉంది. ఏళ్ల తరబడి నూనె, పసుపు, పిండి కలిసి గట్టిపడిన జిడ్డు. గుడ్డకు కిరోసిన్ తడిపి తుడిచాను.

జిడ్డు కింద గీతలు బయటపడ్డాయి.

మేకుతో గీసినవి. నూట ఎనభై అంకె పక్కనే ఒకటి. దానికి కొంచెం అవతల ఇంకొకటి. అట్లా ఒకదాని తర్వాత ఒకటి, ఆరు గీతలు. ఆరోది దాదాపు రెండు వందల నలభై దగ్గర ఉంది. మొదటి గీత తుప్పుపట్టి నల్లగా ఉంది. చివరిది ఇంకా మెరుస్తోంది.

"ఈ గీతలు ఎవరు గీసినారక్కా?"

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది. "మా ఆయప్పే అయ్యుంటాడు. మేకుతో గీకే అలవాటు ఆయప్పకే. గ్యాసు బండ మార్చిన్నాడు గూడ గోడ మీద గీత పెట్టేటోడు. కానీ ఇవి ఎందుకు గీసినాడు? నన్నెప్పుడూ నూట ఎనభై అనే చెప్పినాడే."

నాకు అర్థమైంది. కానీ ఈసారి నోరు తెరవలేదు. గుబ్బను మళ్లీ తొడిగి, దాని ముల్లును ఆరో గీత మీదికి తిప్పి, మీటరు ఆమె చేతికే ఇచ్చాను. "నువ్వే చూడక్కా. లైటు ఆరినప్పుడు అంకె ఎంతుందో చెప్పు."

ఇద్దరం ఎదురుచూశాం. సారమ్మ కూడా చిక్కుడుకాయలు వదిలేసి వచ్చి నిలబడింది. "టక్" అంది. లైటు ఆరింది.

"నూట డెబ్బై ఎనిమిది" అని చదివింది రూతమ్మ.

అప్పుడు చెప్పాను. థర్మోస్టాట్ లోపల రెండు లోహాలు అతికించిన చిన్న రేకు ఉంటుంది. వేడికి అది వంగి కరెంటు ఆపుతుంది. అది తాకే మొనలు ఏళ్ల తరబడి కాలి అరిగిపోతాయి. అరిగేకొద్దీ కరెంటు తొందరగా ఆగిపోతుంది, వేడి తగ్గుతుంది. ఆ సంగతి యోహానుకు ఎవరూ చెప్పలేదు. బాయిలర్ దగ్గర ముప్పై ఏళ్లు నిలబడిన మనిషి ఓవెన్ తలుపు తీసి, చెయ్యి వెనక్కి తిప్పి పెట్టి చూసి, వేడి తగ్గిందని కనుక్కున్నాడు. ముల్లు కొంచెం ముందుకు జరిపి గీత పెట్టాడు. మళ్లీ తగ్గినప్పుడు మళ్లీ జరిపాడు. మీటరు లేకుండా ఆయన చెయ్యి చేసిన తప్పు రెండు డిగ్రీలు.

రూతమ్మ చాలాసేపు ఆ రేకు మీద వేలితో గీతలు తడిమింది. "ఒక్క మాట చెప్పలేదే" అంది. తర్వాత తనే, "మిల్లు మోతలో బతికినోడు. మాట్లాడితే ఇనపడదని మాటలే మానుకున్నాడు" అంది. "రొట్టె బాగొచ్చినప్పుడల్లా నీ చెయ్యి మంచిదే రూతూ అనేటోడప్పా. ఈ గీత సంగతి మాత్రం చెప్పలేదు."

సారమ్మ పమిట కొసతో కళ్లు ఒత్తుకుని, "నా తమ్ముడు మొదట్నుంచీ అంతే, నోరులేని నాకొడుకు" అంది.

మనిషి పోయాక ఏదీ మిగలదని వాదించేవాణ్ణి నేను. ఇప్పుడూ అదే అంటాను. కానీ ఆ గదిలో ఒక మనిషి తొమ్మిది నెలల కిందట గీసిన గీత తన పని తాను చేస్తోంది. అందులో మాయ లేదు. ఒక మనిషి ఇంకో మనిషి కోసం పట్టిన శ్రద్ధ ఉంది. దాన్ని కొలిచి చూశాం, సరిపోయింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది.

"అయితే ఇంకేం మార్చాల్సిన పనిలేదు. ఆయప్ప గీత మీద పెట్టుకుంటా" అంది రూతమ్మ.

నా సంచిలో కొత్త థర్మోస్టాట్ ఉంది. తీయడానికి చెయ్యి రాలేదు. అయినా చెప్పక తప్పదు. "అక్కా, ఇది ఇంకా అరుగుతాది. ఆర్నెల్లకో ఏడాదికో ఆ గీత గూడ చాలదు. అరిగిన మొనలు ఒక్కోసారి అతుక్కుపోతే వేడి ఆగనే ఆగదు, ఇంట్లో మంటలు లేస్తాయి. మార్చడమే మంచిది. కానీ మారిస్తే ఆ గీతలు పనికిరావు. కొత్తదానికి నూట ఎనభై అంటే నూట ఎనభయ్యే. ఆరో గీత మీద పెడితే రొట్టె మాడిపోతాది."

ఆమె పిండి డబ్బా మూత తీసి మళ్లీ పెట్టింది. నేను ఒత్తిడి చేయలేదు. కిందటిసారి అయితే ఈపాటికి యంత్రం మీద మమకారం ఎంత మూర్ఖత్వమో వివరించి ఉండేవాణ్ణి.

చివరికి ఆమె నన్నే అడిగింది. "ఆయప్ప గీత నాకు జ్ఞాపకముండాలని గీసినాడా, రొట్టె బాగ కాలాలని గీసినాడా?"

"రొట్టె బాగ కాలాలనే అక్కా."

"అయితే మార్చప్పా."

ఇంత నిక్కచ్చి తర్కం నేను ఏ వేదిక మీదా వినలేదు.

పాత థర్మోస్టాట్ విప్పి తీశాను. మొనలు బొగ్గులా నల్లబడి ఉన్నాయి. కొత్తది బిగించాను. సడలిన తలుపు స్ప్రింగు కూడా మార్చాను. గీతలున్న రేకును మాత్రం తాకలేదు, అది అలాగే ఉంది. ఈసారి నూట యాభై, నూట ఎనభై, రెండు వందలు, మూడు చోట్లా కొలిచి చూశాను. అంకె చదివింది ప్రతిసారీ రూతమ్మే. మీటరు ఎట్లా పెట్టాలో, ఎంతసేపు ఆగాలో నేర్పించాను. టీచరమ్మ కదా, నాకంటే చక్కగా నోటుబుక్కులో రాసుకుంది.

పొద్దున కలిపిన పూరీపిండి పక్కన పెట్టి, అప్పటికప్పుడు రొట్టెకు కలిపి పులియబెట్టింది. మధ్యాహ్నం దాటాక ఓవెన్ తనే పెట్టింది. "మంట గూడ నాదే ఇంక" అని మెల్లగా అనుకుంది. రొట్టె తీసి చల్లారాక విరిస్తే నడుమ దూదిలా విడింది. మొదటి ముక్క సారమ్మకే ఇచ్చింది. ఆమె నమిలింది, మింగింది. తీర్పు చెప్పలేదు. ఇంకో ముక్కకు చెయ్యి చాపింది.

పోయేముందు రూతమ్మతో అన్నాను. "అక్కా, ఆ పొద్దు కొలవకుండా హామీ ఇచ్చినా. నీకు నలుగుర్లో తలవంపులు తెచ్చినా. క్షమించు."

"నువ్వు దేవుడు ల్యాడనేటోనివి కదా. మరి క్షమాపణ ఎవుర్ని అడుగుతాండావ్?"

"నిన్నే."

"అట్లైతే సరే. నన్నడిగితే నేనే ఇస్తా" అంది, మిగిలిన రొట్టె కాగితంలో చుట్టి నా సంచిలో పెడుతూ.

అక్టోబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం సారమ్మే ఫోన్ చేసింది. "ఏమప్పా, రొట్టె బాగుంది. ఒప్పుకుంటాండా. అయినా నీ పెట్టె వల్లనే అనుకోవాకు, నేను రాత్రంతా ప్రార్థన గూడ చేసినా." జవాబు నోటి దాకా వచ్చింది. మింగేశాను. ఆ ఇంట్లో నేను గెలవాల్సిన వాదం ఏదీ మిగిలి లేదు.

ఆ కేసు తర్వాత నేను వేడి కొలిచే మీటరు లేకుండా ఏ ఇంటి గడపా తొక్కలేదు. తెగిన రాడ్డు దొరికినంత మాత్రాన తప్పు దొరికినట్టు కాదని, దాని వెనక ఇంకో తప్పు దాక్కుని ఉండవచ్చని తెలుసుకున్నాను. మొదట కంటపడిన కారణాన్ని పట్టుకుని ఊగిపోతే, సారమ్మకూ నాకూ తేడా లేదు. ఆమె చేతిదే తప్పని నమ్మింది, నేను చప్పుడును నమ్మాను. కొలవలేదు ఇద్దరం.

ఏడాదిన్నర తర్వాత, 2025 వేసవిలో రూతమ్మ ఫోన్ చేసింది.

"అప్పా, నూట ఎనభై మీద పెడితే నూట డెబ్బై చూపిస్తాంది. మూడుసార్లు చూసినా. మీటరు కొనుక్కున్నాలే."

"రొట్టె చెడిందా అక్కా?"

"చెడలేదు. చెడకముందే చెప్తాండా. వీలైనప్పుడు వచ్చి చూడు, తొందరేం లేదు. అంతవరకూ గడవడానికి మేకుతో ఒక గీత పెట్టుకున్నా."